కుండ ఎరుపా, జాజు ఎరుపా?

పోయిన వారం మనం స్రవంతిని షామీర్‌పేట రోడ్డు పక్కన, కమలాబాయి కొత్త హోటలు హాల్లో, నిచ్చెన మీద నిలబెట్టి వచ్చాం. ఆమె ఎడమ చేతిలో డబ్బా, కుడి చేతిలో బ్రష్షు. ఎదురు గోడ దగ్గర, కొంపల్లి నుంచి వచ్చిన ఇంటీరియర్ల అభిలాష్. ఇద్దరి మధ్యా నడుము మీద చేతులు పెట్టుకుని కమలాబాయి. "ఇద్దరు చెరో గోడకు చెరో రంగు వెయ్యున్రి. రేపు దీపాలు పెట్టే యాళ్లకు వచ్చి చూస్త. నాకు నచ్చినోళ్లు హాలంత వెయ్యున్రి. నచ్చనోళ్లు నిచ్చెన ఎత్తుకోని పోవున్రి" అని పందెం పెట్టి, వెనక్కి చూడకుండా వెళ్లిపోయింది.

ఆ రేపు ఇవాళే. బుధవారం. ఆదివారం హోటలు ప్రారంభం.

స్రవంతికి ఇరవై ఎనిమిదేళ్లు. సుచిత్ర దగ్గర ఒక రంగుల దుకాణంలో ఆరేళ్లు కౌంటరు వెనుక నిలబడింది. ఎవరో వచ్చి కార్డు మీద వేలు పెట్టి చూపిస్తారు. ఆమె మిషను కింద డబ్బా పెట్టి, చుక్కలు పడ్డాక బాగా కలిపి, మూత మీద కాస్త పూసి చూపించి ఇచ్చేస్తుంది. వాళ్లు డబ్బా పట్టుకుని వెళ్లిపోతారు. ఆ రంగు ఏ ఇంట్లో ఏ గోడకెక్కిందో, అక్కడ దాని వైపు చూస్తూ ఎవరు చాయ్ తాగుతున్నారో ఆమెకు ఎప్పటికీ తెలియదు. అదే ఆమెను లోపల్లోపల తినేసింది. రెండు నెలల క్రితం ఉద్యోగం మానేసి, ఇద్దరు ఆడవాళ్లను కూడగట్టుకుని సొంతంగా పనులు పట్టింది. ఒక ఇంటి గేటు, ఒక మేడ మీద గది, ఒక ట్యూషన్ సెంటరు. ఇంత పెద్ద హాలు ఇదే మొదటిది. ఆమె చోటులో వేరేవాళ్లను పెట్టకుండా ఆదివారం దాకా ఆగుతానన్నాడు దుకాణం యజమాని. సోమవారం ఆ కౌంటరు వెనుక స్రవంతి ఉంటుంది, లేదా ఇంకెవరో ఉంటారు.

సాయంత్రం నాలుగున్నరకే ఆమె హాలుకు వచ్చేసింది. పొద్దున రెండో కోటు వేసి ఇంటికి పోయి అన్నం ముందు కూర్చుందే గానీ ముద్ద దిగలేదు.

హాల్లో ఎవరూ లేరు, మూలన కొత్త కుర్చీలూ బల్లలూ పేర్చి ఉన్నాయి. పడమటి కిటికీల్లోంచి ఎండ ఏటవాలుగా వచ్చి రెండు గోడల మీదా సమానంగా పడుతోంది. ఎడమ గోడ మీద అభిలాష్ వేసిన చదరం, కుడి గోడ మీద తాను వేసిన చదరం, ఒక్కొక్కటి నిలువెత్తున.

రెండూ ఎరుపులే. రెండూ వెచ్చటివే. గుమ్మంలో నిలబడి చూస్తే ఒక తల్లి పిల్లల్లా ఉంటాయి. దగ్గరికి పోతే గానీ తేడా తెలియదు. అభిలాష్‌ది కొత్త కుండ రంగు. ఆవం నుంచి అప్పుడే తీసిన కుండలా నారింజ వైపు మొగ్గి, ఎండ తగలగానే కళకళలాడుతోంది. స్రవంతిది జాజు రంగు. పాత ఇళ్లలో గోడల అడుగుకూ అరుగు అంచుకూ పూసే ఎర్రమట్టి రంగు. అందులో గోధుమ ఉంది, ఎక్కడో లోపల కొంచెం గులాబీ కూడా ఉంది. కార్డుల్లో ఎక్కడా అది దొరక్కపోతే తనే మూడు రంగులు కలిపింది. పదకొండు మూతల మీద పూసి చూసి, పన్నెండోదాన్ని ఖాయం చేసుకుంది.

ఇప్పుడు ఆ రంగు ఆమెకంటే ఎత్తుగా ఎదురుగా నిలబడి ఉంది. మూత మీద రూపాయి బిళ్లంత చూసిన రంగు గోడెక్కితే ఇలా ఉంటుందా! ఆమె రెండడుగులు వెనక్కి వేసింది, మళ్లీ ముందుకు వచ్చింది. తనకు తెలియకుండానే నవ్వుతోంది.

"మీరు కూడ జల్దీనే వచ్చిన్రా?"

గుమ్మంలో అభిలాష్. ఇస్త్రీ చొక్కా, చేతిలో కొలతల టేపు. ముప్పై ఏళ్లుంటాయి.

"ఇంట్ల కూసోబుద్ధి కాలే సార్. మీకు?"

"అబద్ధమెందుకు, నాకూ కాలే." అతను ఆమె గోడ ముందుకు వచ్చి తల పక్కకు వంచి చూశాడు. "మంచిగనే ఉన్నది. కానీ దీంట్ల జర ముసలితనం ఉన్నది."

"మీదాంట్ల జర తొందరున్నది."

ఇద్దరూ ఒకేసారి నవ్వారు. ఒకేసారి ఆపేశారు.

ఆరు దాటాక కమలాబాయి ఆటో దిగింది. వెంట కూతురు ఇషిత, డిగ్రీ రెండో ఏడు, చేతిలో ఫోను. వెనకాల సిద్దమ్మ, సుచిత్రలో కమలాబాయి బండి పెట్టిన మొదటిరోజు నుంచి జొన్నరొట్టెలు కొడుతున్న మనిషి. ఆ బండి పేరు చెబితే మేడ్చల్ దాకా తెలియనివాళ్లు లేరు. జొన్నరొట్టె, నాటుకోడి కూర. పద్దెనిమిదేళ్లు రోడ్డు పక్కన నిలబడి వడ్డించిన కమలాబాయి ఇప్పుడు అరవై మందిని కూర్చోబెట్టి వడ్డించబోతోంది.

ఆమె హాలు మధ్యలో నిలబడి ఎడమకు చూసింది, కుడికి చూసింది. మళ్లీ ఎడమకు.

"రెండు మంచిగనే ఉన్నయి గదరా! గిదే పరేషాన్."

"అమ్మా, కుండ రంగే మస్తుంది. ఫోటోల సూడు ఎట్ల మెరుస్తాందో" అంది ఇషిత.

"నేను దీపాల యాళ్లకు చూస్తనన్న. సూర్యుణ్ణి చూసుకుంట కూసుంటరా నా హోటల్ల? రాత్రే గద జనం వచ్చేది."

బయట ఎండ రోడ్డు అవతలికి దిగిపోయింది. అభిలాష్ వెళ్లి స్విచ్చులన్నీ ఒక్కసారే నొక్కాడు.

పైకప్పు నిండా తెల్లటి దీపాలు వెలిగాయి.

స్రవంతి జాజు ఎరుపు చచ్చిపోయింది. అందులోని గోధుమ ఎటుపోయిందో పోయింది. మిగిలిన గులాబీ నీలం కలిసినట్టు నల్లబడి, వాడిపోయిన వంకాయ తొక్కలా తయారైంది. ఇషిత "అయ్యో" అని నోటికి చేయి అడ్డం పెట్టుకుంది. కమలాబాయి ముఖం చిట్లించుకుని రెండడుగులు వెనక్కి వేసింది.

"ఇగ చూసేదేముంది అక్కా" అన్నాడు అభిలాష్, గొంతులో గర్వం రాకుండా జాగ్రత్తపడుతూ.

స్రవంతి తల పైకెత్తి చూసింది. ఆరేళ్లు ట్యూబులైటు కింద పనిచేసిన మనిషి. ఎవరైనా పెళ్లి ఇంటికని ఎరుపు అడిగితే, మూత పట్టుకుని దుకాణం బయటికి పరుగెత్తి ఎండలో చూపించేది. లోపల చూపిస్తే ఎవరూ కొనరు. ఈ సంగతి ఇంత తెలిసీ, నిన్న నిచ్చెన ఎక్కి ఒక్కసారి పైకప్పు వైపు ఎందుకు చూడలేదు!

"అక్కా, గోడ తప్పు కాదిది" అంది. రెండోసారి గట్టిగా అంది. "గోడ తప్పు కాదు. గీ లైటు సల్లటిది. సల్లటి లైటుల ఏ ఎరుపూ బతకది. సార్ గోడ కూడ సూడున్రి, కుండ పోయి తుప్పయింది."

అందరూ ఎడమకు తిరిగారు. నిజమే. పగటి కళకళ లేదు. తుప్పు పట్టిన రేకులా ఉంది. తనదంత ఘోరంగా లేదు గానీ ఉంది.

"లైటు ఇద్దరికీ ఒక్కటే" అన్నాడు అభిలాష్. "లైటుకు తగ్గ రంగు వెయ్యాలె గని, రంగు కోసం లైట్లు మారుస్తరా ఎవరన్న?"

"మారుస్తరు సార్. తినే జాగల గింత తెల్ల లైటుంటే దవాఖాన లెక్కుంటది."

ఆ మాట అన్నాక గానీ ఆమెకు గుర్తు రాలేదు, ఆ దీపాలు పెట్టించింది అతనే. అతని ముఖం కందిపోయింది.

"దవాఖాన? ఆర్నెల్ల సంది తిరుగుతున్న ఈ హాలు కోసం. ఒక్కొక్క దీపం నేను నిలబడి పెట్టిచ్చిన. మీరు నిన్న వచ్చిన్రు."

"నిన్ననే వచ్చిన సార్. గందుకే నా కండ్లకు కొడుతాంది. మీకు అలవాటైపోయింది."

"స్రవంతి గారూ..."

"ఆగున్రి ఇద్దరు!"

కమలాబాయి తల పైకెత్తి దీపాలను చూస్తోంది. చాలాసేపు చూసింది. తర్వాత తన చేతిని ముందుకు చాచి, వెనక్కీ ముందుకూ తిప్పి ఆ వెలుగులో చూసుకుంది. కూర కలిపీ కలిపీ మొద్దుబారిన చేయి. తెల్ల వెలుగులో బూడిద పూసినట్టుంది.

"నా బండి మీద పద్దెనిమిదేండ్లు ఒక్కటే పసుపు బల్బు" అంది నెమ్మదిగా. "అది మాడిపోతే మళ్ల పసుపుదే తెస్తుంటి. ఎందుకంటే ఏమో, నాకెర్కలే. దాని కింద కూర ఎర్రగ నిగనిగలాడుతుండె. మనుషులు మంచిగ కనిపిస్తుండిరి." ఆమె కూతురి వైపు తిరిగింది. "ఇషితా, పక్కపొంటి కరెంటు సామాన్ల దుకానముంది. రెండు పసుపు బల్బులు పట్టుకరా. ఒక్క తీరువి. ఉరుకు."

ఇషిత పావుగంటలో బల్బులతో పాటు వైరూ హోల్డర్లూ పట్టుకుని తిరిగొచ్చింది. స్రవంతి వైరు విప్పబోతే అభిలాష్ ఆమె చేతిలోంచి తీసుకున్నాడు. రెండు హోల్డర్లు కట్టి, టేపుతో కొలిచి, రెండు గోడలకూ సరిగ్గా ఒకే దూరంలో, ఒకే ఎత్తున వేలాడదీశాడు. తన వైపు కాస్త దగ్గరగా కట్టినా ఎవరికీ తెలిసేది కాదు. స్రవంతి అది గమనించింది. దవాఖాన అనకుండా ఉండాల్సింది అనుకుంది.

తెల్ల దీపాలు ఆర్పేశారు. పసుపు బల్బులు వెలిగాయి.

"అబ్బా!" అంది ఇషిత.

ఆ అబ్బా కుండ ఎరుపుకు. గోడకు నిప్పంటుకున్నట్టుంది. నారింజ పొంగి, గోడ ముందుకు వచ్చి, చూసేవాళ్ల చూపు లాక్కుంటోంది. స్రవంతి కూడా చూపు తిప్పుకోలేకపోయింది. ఎదుటివాడిదైనా రంగు రంగే, అంత బాగుంది అది. ఆమె జాజు కూడా బతికింది. గోధుమ తిరిగొచ్చింది, వెచ్చబడింది. కానీ ఒద్దికగా గోడలోనే ఉండిపోయింది. ఇషిత ఫోను తీసి రెండింటినీ ఫోటో పట్టింది. ఫోనులో అయితే తేడా ఇంకా ఎక్కువ. కుండ వెలిగిపోతోంది, జాజు ఏదో గోడలా ఉంది.

"రీల్స్ తీస్తే ఇదే అమ్మా. వేరే మాటే లేదు."

కమలాబాయి ఊపిరి పీల్చుకుంది. నోరు తెరవబోతోంది. స్రవంతికి ఆ నోటి వెంట రాబోయే మాట కనిపించింది. కౌంటరూ, మిషనూ, మూతలూ కూడా కనిపించాయి.

"అక్కా, ఒక్క నిమిషం! ఎవరన్న కూసోవాలె."

"ఏంది?"

"ఖాళీ గోడను చూస్తున్నం మనం. ఆదివారం నుంచి దీని ముందర మనుషులు కూసుంటరు గద. మనిషిని కూసోబెట్టి చూడున్రి. పళ్లెం బెట్టి చూడున్రి."

అభిలాష్ కనుబొమలు ముడిచాడు గానీ అడ్డు చెప్పలేదు. కమలాబాయి చుట్టూ చూసింది. సిద్దమ్మ గుమ్మం పక్కన చేతిసంచి పొట్టకు హత్తుకుని నిలబడి ఉంది.

"సిద్దమ్మా, రా, కూసో."

"నేనా? నేనేడ కూసుంట. నన్నెందుకు లాగుతరు నడుమల?"

"రా అవ్వా" అని స్రవంతి ఆమె చేయి పట్టుకుని తీసుకొచ్చి కుండ గోడ ముందు కుర్చీలో కూర్చోబెట్టింది. సంచిలో ఆదివారం వంట రుచి చూడడానికని తెచ్చిన టిఫిను ఉంది. కమలాబాయే పళ్లెంలో ఒక జొన్నరొట్టె వేసి, పక్కన కోడికూర వడ్డించి బల్ల మీద పెట్టింది.

నలుగురూ హాలు ఇవతలికి వచ్చి నిలబడ్డారు.

సిద్దమ్మ కనపడలేదు. ఉంది, కుర్చీలోనే ఉంది. కానీ చూపంతా గోడ మీదికే పోతోంది. ఆ మంట ముందు ఆమె నల్లటి ముఖం మసకబారి, కళ్లు గుంటల్లా అయ్యాయి. కూర ఎరుపు గోడ ఎరుపులో కలిసిపోయింది. జొన్నరొట్టె నిన్నటి రొట్టెలా పాలిపోయింది.

"ఇటు తీసుకరా" అంది కమలాబాయి. ఆమె గొంతు మారింది.

కుర్చీ, బల్ల, పళ్లెం, సిద్దమ్మ, అన్నీ జాజు గోడ ముందుకు మారాయి.

ఇషిత చేతిలోని ఫోను దించింది.

సిద్దమ్మ నెరిసిన జుట్టు వెండిలా మెరిసింది. ముక్కుపుల్ల తళుక్కుమంది. నల్లటి చెంపల మీద నునుపు వచ్చింది. ముడతలన్నీ ఉన్నాయి గానీ ఒక్కొక్కటీ చూడాలనిపించేట్టు ఉంది. కూర వేరుగా, ఎర్రగా, నూనె తేలి కనిపిస్తోంది. రొట్టె పొయ్యి మీంచి అప్పుడే దిగినట్టుంది. గోడ వెనక్కి జరిగి మనిషిని ముందుకు పంపింది.

"ఏందే, దయ్యాన్ని చూసినట్టు చూస్తాన్రు నన్ను?" అంది సిద్దమ్మ ఇబ్బందిపడుతూ.

"అవ్వా, నువ్వు హీరోయిన్ లెక్కున్నవ్" అంది ఇషిత. ఫోను ఎత్తి ఫోటో తీసింది. చూసుకుంది. ఇంకొకటి తీసింది. కుండ రంగు మాట మళ్లీ ఎత్తలేదు.

"కూసోబెట్టిన్రు గద, తినొచ్చా ఇగ?" అని సిద్దమ్మ రొట్టె తుంచింది.

కమలాబాయి కొంగుతో కళ్లొత్తుకుంది. "పద్దెనిమిదేండ్లు నా పక్కనే నిలబడ్డది" అంది ఎవరితోనూ కాదన్నట్టు. "కూసుంటే గింత మంచిగుంటదని నేనెప్పుడు చూడలే."

అభిలాష్ మెల్లగా వెళ్లి, తన గోడ ముందు ఒక కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. "తీయున్రి" అని తన ఫోను స్రవంతికి ఇచ్చాడు. ఆమె తీసింది. లేచి వచ్చి జాజు గోడ ముందు సిద్దమ్మ పక్కన కూర్చున్నాడు. ఆమె ఇంకొకటి తీసింది. రెండు ఫోటోలనూ అతను ఒకదాని తర్వాత ఒకటి జరిపి జరిపి చూశాడు.

"నా రంగు నన్నే మింగింది" అన్నాడు. నవ్వబోయాడు. నవ్వు సగంలో ఆగింది.

"జాజే" అంది కమలాబాయి. "హాలంత జాజే. లైట్లు కూడ పసుపే పెట్టు అభిలాషూ. నువ్వేం ఫికర్ చెయ్యకు, నీ పని నాకు తెల్వదా? గోడ మాత్రం గీ పిల్లది."

స్రవంతికి మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక పక్కనున్న కుర్చీలో కూర్చుండిపోయింది. ఇషిత వచ్చి భుజాలు పట్టుకుని ఊపేసింది. సిద్దమ్మ నోట్లో ముద్ద పెట్టుకునే "శభాష్ బిడ్డా" అంది. స్రవంతి ఫోను తీసి తన పనివాళ్లిద్దరికీ చెప్పింది. అవతల వాళ్లు వేసిన కేకకు ఫోను చెవికి దూరంగా పట్టుకోవాల్సి వచ్చింది.

అభిలాష్ టేపు చుట్టుకుని, తన డబ్బాలు రెండూ పట్టుకుని గుమ్మం దాకా పోయి ఆగాడు. "దవాఖాన మాట మాత్రం యాదికుంచుకుంట" అన్నాడు.

"తప్పైంది సార్."

"తప్పేంలే. నిజమే గద." ఈసారి పూర్తిగా నవ్వి వెళ్లిపోయాడు.

కమలాబాయి అందరికీ చాయ్ పెడతానని ఇషితనూ సిద్దమ్మనూ వంటగదిలోకి తీసుకుపోయింది. హాల్లో స్రవంతి ఒక్కతే మిగిలింది. తన గోడ దగ్గరికి నడిచింది. ఇంక ఇది తనది. చదరం ఒక్కటే కాదు, నాలుగు గోడలూ. గురువారం లప్పం పట్టి గోడలు నున్న చేయడం, శుక్రవారం మొదటి కోటు, శనివారం రెండోది. సరిపోతుంది. సంతోషం పట్టలేక వంగి, గోడ అడుగున, రంగు అంచు దగ్గర అరచేయి ఆనించింది.

అరచేయి తడిసింది.

పొద్దున ఎనిమిదికి వేసిన రంగు. మధ్యాహ్నం ఇంటికి పోయేముందే ఎండిపోయింది, తనే తాకి చూసింది. చేయి తీసి చూసుకుంటే జాజు రంగు మొత్తం అరచేతికి వచ్చేసింది. గోడ మీద ఆమె చేయి ఉన్నచోట సిమెంటు కనిపిస్తోంది. నల్లగా, చెమర్చి ఉంది.

నడుముకు దోపుకున్న లప్పం రేకు తీసి గీకింది. పొర ఊడి ముద్దగా కింద పడింది. ఇంకొంచెం గీకింది. సిమెంటు సందులోంచి సన్నటి ధార చీల్చుకుని వచ్చి ఆమె మణికట్టు మీద పడింది. చల్లటి నీళ్లు. చెవి ఆనించి విన్నది. గోడ లోపల ఎక్కడో, పళ్ల సందు నుంచి ఎవరో గాలి వదులుతున్నట్టు ఆగని చప్పుడు.

నీళ్లు ఎక్కడ కట్టేయాలో ఎవరికి తెలుస్తుంది? ఆర్నెల్లుగా ఈ హాలుకు వేసిన వైరూ పైపూ అన్నీ చూసినవాడు ఒక్కడే.

బయట కారు స్టార్టయిన చప్పుడు వినపడింది.

స్రవంతి పరుగెత్తింది. చెప్పులు గుమ్మంలోనే ఉండిపోయాయి. కంకర గుచ్చుకుంటున్నా ఆగలేదు. కారు అప్పటికే వెనక్కి తిరిగి రోడ్డు మీదికి మొగ్గింది. ఆమె రెండు చేతులూ చాచి ఎదురుగా నిలబడింది. బ్రేకు కీచుమంది. హెడ్‌లైట్ల వెలుగులో ఆమె అరచేయి ఎర్రగా కారుతోంది. అభిలాష్ అది చూసి అదిరిపడ్డాడు.

"ఏమైంది? చెయ్యి కోసుకున్నరా?"

"రంగు సార్, రక్తం కాదు! నీళ్లు కారుతున్నయి. నా గోడల. వాల్వు ఏడున్నది? జల్దీ చెప్పున్రి!"

"మీ గోడలనా?" అతను ఇంజను ఆపేశాడు. "కుడి గోడనా?"

"కుడి గోడే!"

"వంటగది ఎడమ దిక్కున్నది. నీళ్ల లైనంత అటే పోయింది." అతను కారు దిగి ఆమె చేతి వైపు, ఆ వెనుక వెలుగుతున్న హాలు వైపు చూశాడు. ముఖంలో రంగు పోయింది.

"స్రవంతి గారూ, ఆ గోడల నేను ఒక్క పైపు కూడ వెయ్యలే."